పేరు రాయలేదు

మే 9, 1937. ఆదివారం

ఏమీ జరగని రోజును గంభీరంగా గడపడం ఎలాగో మా బావ వామన్‌రావును చూసి నేర్చుకోవాలి. నాంపల్లిలో ఒక సర్కారీ దఫ్తరు, అందులో ఒక కుర్చీ, ఆ కుర్చీలో ఇరవై రెండేళ్ళు. సాయంత్రం వచ్చి టోపీ తీసి గోడకు తగిలించి, "అబ్బ, ఇయ్యాల మస్తు పనైంది" అంటాడు. అక్క అనసూయ అది నిజమనుకుని చెంబుతో నీళ్ళు అందిస్తుంది. బి.ఏ. పాసైన నేను రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఈయన అన్నం తింటున్నాను.

ఇవాళ తింటూ తింటూ అన్నాడు: "మా దఫ్తర్ల చప్రాసీ కొలువొకటి ఖాళీ అయింది శ్రీపతీ. నీకని కాదు, ఊకె చెప్తున్న."

నాకని కాదట. నాతో కాక ఇంకెవరితో చెప్తున్నట్టు? పెరుగన్నం వదిలేసి లేచాను. అక్క ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఈ మధ్య ఎక్కువైంది.

మే 12

ఆబిడ్స్ ఇరానీ హోటల్లో సాయంత్రం నాలుగింటికి కూర్చుంటే యూనివర్సిటీ పట్టాలన్నీ ఒకచోట కనిపిస్తాయి. ఒక్క చాయ్ ముందర ముగ్గురేసి. ఒకడు పేపర్లో 'కావలెను' అన్న చోట మాత్రమే చదువుతాడు. ఒకడికి పెళ్ళి కుదిరి చెడిపోయింది, పిల్ల తండ్రి కొలువు అడిగాడు. ఇంకొకడు రోజూ స్టేషన్‌కు వెళ్ళి బొంబాయి బండి ఎక్కేవాళ్ళను చూసి వస్తాడు, తను మాత్రం ఎక్కడు. వీళ్ళందరినీ చూస్తే నాకు జాలి రావాలి. రాదు. వీళ్ళలో ఒక్కడికైనా పని ఇవ్వాలని నాకే అనిపించదు, ఇక సర్కారుకెందుకు అనిపిస్తుంది?

మల్లయ్య వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. వాడిది జనగామ దగ్గర పల్లె. తండ్రి మగ్గం నేస్తాడు. ఆ ఊళ్ళో బి.ఏ. చదివినవాడు వీడొక్కడే. గన్‌ఫౌండ్రీ కిరాయి బంగళాల్లో మా క్లాసులు జరిగే రోజుల్లో, ఉర్దూ పాఠాలను నేను తెలుగులో రాసుకున్న నోట్సు తీసుకెళ్ళి రాసుకుని పాసయ్యాడు. వాడికి సెకండ్ క్లాసు వచ్చింది. నాకు థర్డ్. పేపర్లు దిద్దేవాళ్ళ తెలివి అంతవరకే.

నవ్వుకుంటాడని బావ చెప్పిన చప్రాసీ కొలువు సంగతి చెప్పాను. వాడు నవ్వలేదు.

"ఎంత చదివి ఉండాల్నట?"

"పేర్లు చదవస్తే చాలు. ఎక్కువ చదివినోణ్ణి తీస్కోరు. బి.ఏ. వానికి నీళ్ళు తెమ్మని చెప్పనీకి ఏ సాబ్‌కు నోరొస్తది?"

మల్లయ్య చాయ్ తాగేసి కప్పు పక్కకు జరిపాడు. "అయితే నేను నాలుగో తరగతే చదివిన" అన్నాడు. "శ్రీపతీ, ఇది నీకు నాకే తెల్సు. ఇంకెవ్వలకు తెల్వద్దు."

హాస్యానికి అన్నాడనుకున్నాను.

జూన్ 2

బావ అన్నం డబ్బా మరిచిపోతే అక్క నాతో దఫ్తరుకు పంపింది. తలుపు పక్కన స్టూలు మీద ఖాకీ కోటు వేసుకుని మల్లయ్య. నన్ను చూసి లేచి, కొత్తవాణ్ణి అడిగినట్టు "ఎవలు గావాలె సాబ్?" అన్నాడు. కళ్ళు నవ్వుతున్నాయి.

సిగ్గుపడి ఉంటే క్షమించేవాణ్ణి. పడలేదు. లోపల గంట కొడితే పరుగెత్తలేదు, నింపాదిగా నడిచి వెళ్ళాడు. బయటికి వచ్చి, గుమ్మం దగ్గర మెల్లగా, "తమ్ముణ్ణి బడికి తోలిన. ఇగ మా నాయినకు నూలు గూడ నేనే కొని పంపుతున్న" అన్నాడు.

నాలుగేళ్ళు తత్వశాస్త్రం చదివి నీళ్ళ కూజా మోస్తున్నాడు. ఇలాంటివాళ్ళ వల్లనే పట్టాకు విలువ లేకుండా పోతోంది. ఒకడు దిగితే అందరినీ దిగమంటారు. రేపు అక్క కూడా అంటుంది.

జూన్ 3

అక్క అంది.

జూన్ 14

హిమాయత్‌నగర్ నుంచి కబురు. రామచందర్ వకీల్ సాబ్ నన్ను రమ్మన్నారు. మా నాన్న బతికి ఉండగా ఆయన దగ్గర కాగితాలు రాసిపెట్టేవాడు. ఆ పాత పరిచయం ఇంతకాలానికి గుర్తుకొచ్చిందంటే పని పడిందన్నమాట.

పెద్ద బంగళా. వరండాలో బెత్తం కుర్చీలు. ఆయన వచ్చే నెల కోఠిలో లైబ్రరీ హాల్లో ఉపన్యాసం ఇస్తారట: "యువకుల నిరుద్యోగము: సంఘమునకు నష్టము, నివారణోపాయములు." ఆయనకు ముగ్గురు కొడుకులు. ముగ్గురికీ కొలువులున్నాయి. ముగ్గురిలో ఒక్కడూ బి.ఏ. పాసవలేదు.

"పాయింట్లన్ని నా దగ్గరున్నయి శ్రీపతీ. జర భాష సూడాలె, అంతే."

పాయింట్లు ఒక పాత పెళ్ళిపత్రిక వెనక రాసి ఉన్నాయి. 'యువకులు. సోమరితనం. పల్లెలకు పోవాలి. శ్రమ గౌరవం.' నాలుగూ చదివి బాగున్నాయన్నాను.

"నీ సంగతి గూడ నా మనసుల ఉన్నది. పైన ఒకరిద్దరు దోస్తులున్నరు. ఉపన్యాసం కానియ్యి, ఒక చిట్టీ రాస్త" అన్నారు.

జూన్ 20

మూడు రోజులుగా రాస్తున్నాను. బాగా వస్తోంది. చెప్పడానికి సిగ్గెందుకు, చాలా బాగా వస్తోంది.

పని లేని యువకుడు ఇంట్లో అతిథిలా బతకడం నేర్చుకుంటాడని రాశాను. పని ఉన్నవాళ్ళను ద్వేషించడమూ, ఆ తర్వాత పనినే ద్వేషించడమూ నేర్చుకుంటాడని రాశాను. ఉపాయాల దగ్గర నగరంలో పని లేనివాళ్ళు ఎందరున్నారో ఇంటింటికీ తిరిగి రాసుకోవాలన్నాను. బళ్ళలో చేతిపని నేర్పాలి, కొలువులకు సిఫారసు చిట్టీలు చెల్లవని చాటాలి. చివరిది వకీల్ సాబ్ నోటితో పలికితే వినాలని ఉంది.

జూన్ 24

సిఫారసు చిట్టీల వాక్యం కొట్టేశారు. మిగిలింది నచ్చింది కానీ, "ఎండిపోయినట్టున్నది. ఒక్క మనిషి కండ్ల ముందర కనవడాలె. వింటుంటే జనం కండ్లు తుడ్సుకోవాలె" అన్నారు.

జూన్ 25

రాశాను. పన్నెండు పంక్తులు. పట్టా దాచి, సిగ్గుతో తల వంచుకుని, ఖాకీ కోటు తొడుక్కుని స్టూలు మీద కూర్చున్న ఒక పట్టభద్రుడు. జనగామ వైపు మగ్గం ఇంటి బిడ్డ. నాంపల్లిలో ఒక దఫ్తరు.

పేరు రాయలేదు.

జూలై 2, శుక్రవారం

శుక్రవారం దఫ్తర్లకు సెలవు కావడంతో హాలు నిండింది. ముందు వరుసలో పెద్ద ఉద్యోగులు, వెనక గోడకు ఆనుకుని మా ఇరానీ హోటల్ వాళ్ళు. పని లేనివాళ్ళ గురించి ఉపన్యాసం, పని లేనివాళ్ళకు కుర్చీలు లేవు.

వకీల్ సాబ్ బాగానే చదివారు. రెండు చోట్ల నా సమాసాలు విరిగాయి. స్టూలు మీద కూర్చున్న పట్టభద్రుడి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముందు వరుసలో ఇద్దరు రుమాళ్ళు తీశారు. తర్వాత చప్పట్లు. అంతసేపు చప్పట్లు నేనెప్పుడూ వినలేదు. నా మాటలకు అవి. నేను కూడా కొట్టాను.

అయ్యాక ముందు వరుసలోని ఒక లావుపాటి ఉద్యోగి వకీల్ సాబ్ భుజం మీద చెయ్యి వేసి, "నాంపల్లిల ఏ దఫ్తర్ సాబ్ అది?" అని అడగడం చూశాను. ఆయన నా వైపు చూశారు. నేను చెప్పుల కోసం వంగాను.

నా చెప్పులు ఎవరో తొక్కి మట్టి చేశారు.

జూలై 6

బావ ఈ రోజు టోపీ తీయకుండానే కూర్చున్నాడు.

"మా మల్లయ్యను తీసేసిన్రు. పైనుంచి ఒక లావు సాబ్, జనగామ దిక్కు మగ్గం ఇంటోడు ఎవడని యూనివర్సిటీకి మనిషిని తోలి రిజిస్టర్ వెతికిచ్చిండట. నాలుగో తరగతి అని అబద్ధం రాసిండని. కోటు ఆడనే ఇప్పియ్యమన్నరు, అందరి ముందల."

అక్క, "అయ్యో, ఎవరు చెప్పారండీ?" అంది.

"లైబ్రరీల ఎవలో చెప్పిన్రట."

ఎవరో చెప్పారు. వకీల్ సాబ్ చెప్పారు. హాల్లో నూట యాభై మంది విన్నారు. జనగామ వైపు మగ్గాలు వేయి ఉంటాయి. నాంపల్లిలో దఫ్తర్లు ఎన్నో. వాడు అబద్ధం రాశాడు, అది నిజమే కదా. ఎప్పటికైనా బయటపడేదే.

జూలై 7

పేరు రాయలేదు.

జూలై 8

మల్లయ్య గదికి వెళ్ళాలనుకుని చాదర్‌ఘాట్ దాకా పోయాను. వాన మొదలైంది. తిరిగి వచ్చాను. పెద్ద వానేం కాదు.

జూలై 20

వకీల్ సాబ్‌కు ఆ ఉపన్యాసం తలకెక్కింది. దాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేయించి పెద్దలకు పంచుతారట. ఆబిడ్స్‌లో ఒక ప్రెస్సుకు నా రాతప్రతి అలాగే పంపించారు. అచ్చయ్యాక తప్పులు చూసే పని నాది.

"ఇగ నీ చిట్టీ" అని జేబులోంచి తీసి చూపించి మళ్ళీ పెట్టుకున్నారు. "పుస్తకం చేతికి రాంగనె ఇద్దరం కల్సి పోదాం. నీకు కుర్చీ ఖాయం."

అక్కతో చెప్పాను. రెండేళ్ళ తర్వాత ఆమె మొహం చూడగలిగాను. నా కోటు తీసి ఎండలో వేసింది.

ఆగస్టు 3

అంతా రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ?

ప్రెస్సు ఆబిడ్స్ పెద్ద రోడ్డు వెనక సందులో ఉంది. పొడుగాటి రేకుల గది, సిరా వాసన. ఫోర్మన్ మొగులయ్య, అరవై ఏళ్ళవాడు, వేళ్ళన్నీ నల్లగా ఉన్నాయి. వకీల్ సాబ్ పుస్తకం అనగానే, "మా మల్లయ్య సూస్తుండు, పోయిన నెలల చేరిండు. లోపటికి పోండ్రి" అన్నాడు.

ఇంకో మల్లయ్య అనుకున్నాను. ఈ రాజ్యంలో మల్లయ్యలకు కొదవా?

కిటికీ కింద బల్ల దగ్గర వాడే. అచ్చు కాగితాలు ఒక పక్క, నా రాతప్రతి ఒక పక్క. నా చేతిరాత. చూడగానే తిరిగి వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు.

"రా, కూసో" అన్నాడు.

నేను కూర్చోలేదు. "మల్లయ్యా, నేను పేరు రాయలే" అన్నాను. అడగకుండానే అన్నాను.

"ఔ. సూసిన." కాగితం వైపే చూస్తూ అన్నాడు. "కట్ట విప్పంగనె ఎరుకైంది. నీ రాత నాకు తెల్వదా? నాలుగేండ్లు నీ నోట్సు సూసి రాసుకున్న. నీ 'క్ష' గిట్లనే తోక తిరిగి ఉంటది."

"హాల్లో అంతమంది..."

"నేను నీకు తప్ప ఎవ్వలకు చెప్పలే శ్రీపతీ. మా నాయినకు గూడ చెప్పలే. కొలువు పోయిన దినమే నువ్వని అనుకున్న. కాదని గూడ అనుకున్న. గీ కాగితాలు వచ్చినంక ఇగ అనుకునేది ఏం లేదు."

కోపం ఉంటే బాగుండేది. గొంతులో ఏమీ లేదు. ప్రూఫు నా ముందుకు జరిపాడు. తప్పులన్నీ ఎర్ర సిరాతో చక్కగా దిద్ది ఉన్నాయి, నావి కూడా. రెండు చోట్ల నేను రాసిందే తప్పు. సెకండ్ క్లాసు వాడికెందుకు వచ్చిందో అర్థమైంది.

ఆ పన్నెండు పంక్తుల దగ్గర మాత్రం గీత లేదు, పక్కన ఒక ప్రశ్న గుర్తు ఉంది.

"తీసేద్దామా?" అన్నాను.

"ఎందుకు తీసుడు? ఉన్నదే గద. ఒక్క మాట తప్పున్నది, గది దిద్దు." వేలు పెట్టి చూపించాడు. 'సిగ్గుతో పట్టాను దాచుకొని' అని ఉంది. "నేను సిగ్గుతోని దాయలే. చెప్తే పని ఇయ్యరని దాసిన. చదువు తక్కువైతే పొమ్మంటరు, ఎక్కువైతే పొమ్మంటరు. పని వస్తదా రాదా అని ఎవ్వలు అడగరు. సిగ్గు నాది కాదు. తప్పు అచ్చు కావద్దు."

నా దగ్గర కలం ఉంది. అయినా వాడి ఎర్ర కలమే తీసుకున్నాను. 'సిగ్గుతో' కొట్టేశాను. 'చదువుకున్నానని చెప్పినచో పని ఇయ్యరు గనుక' అని రాశాను. అక్కడితో ఆగలేదు. కింద ఇంకో వాక్యం రాశాను: 'ఈ ఉపన్యాసము విన్న పెద్దలే అతనిని ఆ పని నుండి తొలగించిరి.'

వాడు చదివాడు. "'తొలగించిరి'కి 'గ' మర్చిపోయినవ్" అని, దిద్దాడు.

ఆగస్టు 5, గురువారం

ప్రూఫు వకీల్ సాబ్ దగ్గరికి వెళ్ళింది. కబురు వచ్చింది, వెళ్ళాను.

ఆయన ఆ పేజీ నా మొహం ముందర ఊపారు. "ఇదేంది? పెద్దలే తొలగించిరి? నా పుస్తకంల నా దోస్తులను నేను తిడ్తనా? ఎవడు రాసిండు ఇది? ఆ ప్రెస్సోడేనా? వాన్ని పిలిపిస్త, వాని సంగతి జూస్త!"

రాయాలి కదా, రాస్తాను. నా నోరు తెరుచుకుంది. "ఔ సాబ్, ప్రెస్సు..." అన్నాను. అన్నాను. ఆ రెండు మాటలు అన్నాక నాకు నా గొంతు వినిపించింది. వకీల్ సాబ్ గొంతులాగే ఉంది, అదే మెత్తదనం. ఆయన జేబులో చిట్టీ అంచు కనిపిస్తోంది.

"ప్రెస్సోడు కాదు" అన్నాను. "నేనే రాసిన."

"నువ్వా?"

"మొత్తం నేనే రాసిన గద సాబ్. ఇది గూడ."

ఆయన జేబులో చెయ్యి పెట్టారు. చిట్టీ తీశారు, చింపలేదు. చింపేంత విలువ కూడా ఇవ్వలేదు. బల్ల మీద పెట్టి దాని మీద చాయ్ కప్పు పెట్టారు. "మీ నాయిన మంచోడు. ఇగ నువ్వు రావద్దు" అన్నారు.

ఆ పంక్తులన్నీ కొట్టేసి పుస్తకం అచ్చువేస్తారట. నేను దిద్దింది ఎవరూ చదవరు. వీరత్వం కూడా నాకు సరిగా దక్కలేదు. మొదట ప్రెస్సు అన్నాను. అది కొట్టేయడానికి లేదు.

అదే రోజు, సాయంత్రం

ఇంట్లో చెప్పాను. అన్నీ. అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావ తిడతాడని నిలబడ్డాను.

"మల్లయ్య బి.ఏ. అని నాకు ఎప్పుడో తెల్సు" అన్నాడు బావ.

"ఎట్లా?"

"రెండో వారమే. ఇంగ్లీషు కాగితాలు ఏ బల్ల మీదివి ఆ బల్ల మీద పెడుతుండె. నాలుగో తరగతోడు పెడ్తడా? మా దాంట్ల ఇంకో ముగ్గురికి గూడ ఎరుకనే. ఎవ్వలం నోరిప్పలే. పనోడు మంచోడు, బతకని అనుకున్నం."

ఇరవై రెండేళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్న మనిషి. నోరు ఎప్పుడు మూసుకోవాలో ఆ కుర్చీలో కూర్చునే తెలుసుకున్నాడు. నాకు తత్వశాస్త్రంలో ఎక్కువ మార్కులు ఆ విషయంలోనే వచ్చాయి: మనిషి, మాట, బాధ్యత.

"పో, కాళ్ళు కడుక్కో, తిందాం" అన్నాడు.

ఆగస్టు 7

ఏమీ లేదు.

ఆగస్టు 16

బడి పుస్తకాల పని వచ్చిందని, ఇంకో మనిషి కావాలని ప్రెస్సు తలుపు మీద కాగితం అంటించి ఉంది. నాలుగు సార్లు దాని ముందు నుంచి నడిచాను. ఐదోసారి మొగులయ్యే పిలిచాడు.

"సదువుతున్నవా, తింటున్నవా ఆ కాగితాన్ని? లోపటికి రా."

ఏం చదివానో చెప్పాను. ఆయనకేమీ అనిపించలేదు. "మల్లయ్య గూడ గదే సదివిండు. మంచిగనే చేస్తుండు. మల్లయ్యా, ఈయన నీకు ఎరుకేనా?"

అంతా వాడి చేతిలో ఉంది. వాడు తల ఎత్తలేదు. "ఎరుకే. భాష వస్తది" అన్నాడు. మంచివాడనలేదు, చెడ్డవాడనలేదు. నాకు వచ్చిన సిఫారసు అంతే.

ఆగస్టు 17

ఉదయం అంతా అక్షరాలు పేర్చడం నేర్పారు, పని మొత్తం తెలియాలట. సీసపు అక్షరాలు తిరగేసి ఉంటాయి. మూడు గంటల్లో ఒక్క పంక్తి. అందులో ఐదు తప్పులు. మొగులయ్య చూసి, "బి.ఏ. సాబ్, ఇది ఏ భాష?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. మల్లయ్య నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆగస్టు 22

ఇరానీ హోటల్ వాళ్ళు ఇద్దరు సందు చివర నిలబడి నన్ను చూసి ఏదో అనుకున్నారు. ఏమన్నారో నాకు తెలుసు. జూన్‌లో మల్లయ్యను నేనన్నవే. వాళ్ళకు వినిపించేలా ఏదైనా అందామనుకున్నాను. చేతులు సిరాగా ఉన్నాయి, కట్ట లోపలికి మోయాలి, ఊరుకున్నాను.

ఆగస్టు 26

పది రోజులైంది. మల్లయ్య నాతో పని మాటలే మాట్లాడతాడు. 'ఇది దిద్దు.' 'అది పంపు.' 'ఇక్కడ దీర్ఘం.' తప్పులు నాకంటే ముందు పట్టుకుంటాడు, మొగులయ్యకు మాత్రం చెప్పడు, నాకే చూపిస్తాడు. నిన్న క్షమించమని అడిగాను. "గీ పేజీ కానియ్యి" అన్నాడు. పేజీ అయ్యింది. ఇంకో పేజీ ఇచ్చాడు.

ఆగస్టు 28

వాన తెల్లవారినప్పటి నుంచి. రేకుల మీద చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినిపించదు. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పారు. అక్క ఈ రోజు పొద్దున్నే వేడన్నం, పప్పు పెట్టి, కూర్చోబెట్టి తినిపించి పంపింది. కడుపు నిండుగా ఉంది. కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తున్నాను.

వెనక మల్లయ్య గుడ్డ మూట విప్పుతున్న చప్పుడు. జొన్నరొట్టెలు, ఎర్ర కారం. ఒక రొట్టె తీసి కారం అద్దుకున్నాడు. తర్వాత, ఇటు చూడకుండానే, "తిన్నవా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

సగం రొట్టె విరిచి జరిపాడు.